తాళంచెయ్యి

కంపెనీ నా చేతిల గుత్తి పెట్టింది.
అరవై మూడు.
ఒక్కదానికీ చీటి లేదు.
చీటీలన్నీ పోశెట్టన్న వేళ్లల్ల ఉండె.

ముహర్రక్‌ల ఈ నాలుగంతస్తుల ముసలి బిల్డింగు
పందొమ్మిదేండ్లు ఆయన మాటే ఇన్నది.
కరెంటు పోయిన రాత్రి, మెట్లమీద, చిమ్మచీకట్ల
గుత్తిని ఒక్కపారి జాడిచ్చి
మందలకెల్లి తన మేకనే గుంజుకున్నట్టు
కావల్సినదాన్ని పట్టెటోడు.
"ఎట్లన్నా?" అంటే
"తర్వాత చెప్త తియ్" అనెటోడు.
ఆ తర్వాత
ఆగస్టుల, పగటీలి రెండు గొట్టంగ,
మిద్దెమీద నీళ్లట్యాంకు పక్కన పడిపోయింది.

పుస్తకాల్ల తాళంచెవి అని రాస్తరు.
మా దిక్కు తాళంచెయ్యి అంటం.
ఆయనకు చెవీ ఉండె, చెయ్యీ ఉండె.
కింద మోటరు రెండుసార్లు దగ్గినంక
మూడోది దగ్గకముందే
వాల్వు సగం తిప్పాలె.
ఆ సగం ఎంతనో నాకు పట్టుబడలె.
నేను తిప్పిన సగానికి
మూడో అంతస్తుల ఉమ్ ఖలీల్ వంటింట్ల నీళ్లు కారుతున్నయి.
తలుపు తీసి నా మొకం జూస్తది,
నా ఎనుక ఇంకెవరన్న ఉన్నరా అని జూస్తది.
"వేన్ బూ షెట్టి?"
బూ అంటే వాళ్ల మాటల నాయన.
షెట్టి అనే పోరనికి నాయన అనుకున్నదంట ఇన్నేండ్లు.
చచ్చిపోయిండని నాలుగుసార్లు చెప్పిన.
మళ్ల అడుగుతది.

సామాను జాబితా రాసిండ్రు.
ప్యాంట్లు రెండు. షేవింగు మిషిని. నొప్పుల బామ్ సీసలు ఏడు.
"ఇంకేమన్న ఉన్నదా?" అన్నడు క్యాంపు బాసు
పెన్ను మూత పెట్టుకుంట.
రాసుకో అందామనుకున్న.
పదహారో నంబరుల బెల్లు కొట్టొద్దు,
ఆ పిలగానికి ఫిట్స్, తలుపు గోరుతోని గీకాలె.
ఈశాన్యం గోడల పైపు
నక్షాల ఉన్నట్టు లేదు, ఎడమకు మలిగింది.
ఇవి నాకు ఎరుకైనయి.
ఎరుక గానియి ఎట్ల రాపియ్యాలె?
సంతకం పెట్టిన.

పదోనాడు సాయవ్వ ఫోను చేసింది మోర్తాడు నుంచి.
ఏడ్వలె. గొంతు ఎండిన బొక్కెన లెక్కున్నది.
"తమ్మీ, రేపు పిట్టకు పెట్టాలె.
ఆయనకు ఏం ఇష్టముండె?"
నేను నోరు తెరవకముందే తనే అన్నది:
"నాకెరుకున్నది ఎప్పటిదో గదా.
రెండేండ్లకోపారి వచ్చెటోడు,
ఏం పెట్టినా తిని మంచిగున్నదనెటోడు."

నా నాలికమీదికి మహ్యావా వచ్చింది.
చేపల్ని ఉప్పుల పెట్టి, ఎండకు మాగబెట్టి
ఆవాలు, సోపు నూరి కలిపే నల్లటి పులుసు.
పొద్దుగాల ఐదింటికి
గల్లీ మూలమీద తందూరుల నుంచి తీసిన రొట్టెకు పూసుకొని
నిలబడే తినెటోడు, కండ్లు మూసుకొని.
వచ్చిన కొత్తల ఆ వాసనకు కక్కుకున్నడంట.
ఎప్పుడు ఇష్టమైందో ఆయనకే ఎరుక లేదు.
ఇంట్ల ఒక్కనాడూ చెప్పలె.

"పచ్చిపులుసే వదినా" అన్న.
"గదే అనుకున్న" అన్నది.
అటు దిక్కు ఊపిరి ఇడిచిన సప్పుడు.

తెల్లారి మళ్ల ఫోను.
కాకి రాలేదంట.
ఎండ నెత్తికెక్కేదాక చూసి, ఆఖరుకు ఆవుకు పెట్టిండ్రంట.
నేనేమనలె.
ఆమె కూడ ఏమడగలె.
ఇద్దరం కొంచెంసేపు పైసలు కాల్చినం ఊకెనే.

అరవై రెండింటికి తలుపులు దొరికినయి.
ఒకటి మిగిలింది, చిన్నది, ఇత్తడిది,
పండ్లు అరిగి నున్నగైంది,
రోజూ వాడినట్టు.
బిల్డింగు మొత్తం తిరిగిన, ఎక్కడా పట్టలె.
ఆమెను అడగాల్నా వద్దా?
అడిగితే ఆమెకూ ఎరుక లేదంటదేమో.

కింద మోటరు దగ్గింది.
రెండోసారి.
చెయ్యి వాల్వుమీద పెట్టి ఉన్న.